మూత్రం ఎర్రగా వస్తే: కిడ్నీ, మూత్రనాళాల అరుదైన కేన్సర్లను వేళకు పట్టుకోవడం ఎలా

నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. మూత్రం మాత్రం డికాషన్ రంగులోనో, నేరేడుపండు పిసికిన నీళ్లలాగో వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో దీనికి ముందుగా దొరికే మాట "వేడి చేసింది". సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు, రోజుకు రెండు కొబ్బరి బోండాలు కొట్టిస్తారు. మూడో రోజుకి మూత్రం తేటపడుతుంది. తగ్గిపోయిందనుకుని అందరూ ఆ సంగతి మర్చిపోతారు. ఆలస్యం మొదలయ్యేది అక్కడే. కిడ్నీలోనో మూత్రనాళంలోనో ఉన్న గడ్డ నుంచి రక్తం ఆగి ఆగి వస్తుంది. నాలుగు రోజులు కనబడి రెండు నెలలు మాయమవ్వొచ్చు. రక్తం ఆగింది కదా అని గడ్డ పోయినట్టు కాదు.

కిడ్నీ కేన్సర్ అంటే సాధారణంగా క్లియర్ సెల్ కార్సినోమా. కిడ్నీ కేన్సర్లలో నూటికి డెబ్బై అయిదు దాకా అదే. ఇక్కడ చెప్పబోయేది ఎక్కువగా రెండో రకం గురించి. కిడ్నీ మధ్యలో మూత్రం పోగయ్యే గరాటు లాంటి భాగం ఉంటుంది, దాన్ని రీనల్ పెల్విస్ అంటారు. అక్కడి నుంచి మూత్రాశయం దాకా దిగే గొట్టం యురేటర్, అంటే మూత్రనాళం. ఈ రెండింటి లోపలి పొరలో పుట్టే కేన్సర్‌కి అప్పర్ ట్రాక్ట్ యూరోథీలియల్ కార్సినోమా అని పేరు. రిపోర్టుల్లో యూటీయూసీ అని రాస్తారు. మూత్రాశయం లోపలి పొర, ఈ పొర ఒకే జాతివి. ఆ జాతి కేన్సర్లన్నిటిలో పై భాగంలో వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అరుదు కాబట్టే ఎవరికీ ముందుగా తట్టదు. కనుక్కునేసరికి మూడింట రెండు వంతుల మందిలో అది గోడలోకి దిగిపోయి ఉంటుంది. మూత్రాశయం కేన్సర్లో ఆ దశలో దొరికేవాళ్లు అంతకంటే చాలా తక్కువ. కారణం యురేటర్ గోడ పలచన, కండపొర సన్నం, గడ్డ బయటి కొవ్వులోకి చేరడానికి ఎంతో దూరం లేదు.

ముందు ఇంట్లో చేయాల్సింది

మూత్రం ఎర్రబడ్డ రోజున గాజు గ్లాసులోకో, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలోకో పట్టి వెలుతురులో ఫోటో తీయండి. తేదీ, వేళ ఫోన్లోనే ఉంటాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేనాటికి రక్తం ఆగిపోయి ఉంటే, ఆ ఫోటో ఒక్కటే మీ సాక్ష్యం. తర్వాత మూడు సంగతులు గమనించి రాసిపెట్టుకోండి. రక్తం ధార మొదట్లోనా, చివర్లోనా, మొత్తంగానా? పై భాగం నుంచి వచ్చే రక్తం సాధారణంగా మూత్రమంతా కలిసి వస్తుంది. రక్తం గడ్డలు పడుతున్నాయా, పడితే ఏ ఆకారంలో? సన్నగా, పొడుగ్గా వానపాముల్లా వచ్చాయంటే అవి యురేటర్లో గడ్డకట్టి ఆ గొట్టం ఆకారం తెచ్చుకున్నవి. ముక్కలు ముక్కలుగా వస్తే మూత్రాశయంలో కట్టినవి కావచ్చు. వీపు పక్కన, పక్కటెముకల కింద నొప్పి ఉందా? గడ్డకట్టిన రక్తం యురేటర్లోంచి జారేటప్పుడు రాయి నొప్పిలాగే మెలిపెడుతుంది. "ఇది రాయే" అని ఇంట్లోవాళ్లు తీర్మానించేసేది ఇక్కడే.

ఎర్రగా కనిపించిందల్లా రక్తం కాదు. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రబడొచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకి నారింజ రంగులో వస్తుంది. ఆడవాళ్లలో నెలసరి రక్తం కలవొచ్చు. వీటిని తేల్చడానికి యూరిన్ పరీక్ష చాలు, ఊహలు అక్కర్లేదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తం వస్తే "మందు వల్లే" అని వదిలేయకూడదు. ఆ మందులు లోపలున్న గడ్డని ముందుగానే బయటపెడతాయి, అంతే. పరీక్షలు అందరికీ చేసినట్టే వాళ్లకీ చేయాలి. ఆ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

రెండు పరిస్థితుల్లో ఇవేవీ రాసుకుంటూ కూర్చోకూడదు. రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోయి, పొత్తికడుపు ఉబ్బిపోతే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. మూడు దారుల కేథటర్ వేసి, గడ్డలు కడిగి తీయాలి. మామూలు సన్నటి కేథటర్ వేస్తే అది కూడా అడ్డుపడుతుంది. రెండోది, చలి వణుకుతో జ్వరం, దాంతోపాటు స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బినట్టు కనబడడం. అడ్డుపడ్డ కిడ్నీలో చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. డీజే స్టెంట్‌తోనో (యురేటర్ లోపల పెట్టే సన్నటి గొట్టం), చర్మం గుండా గొట్టం వేసో ఆ పూటే ఖాళీ చేయాలి.

యూరిన్ పరీక్ష ఇచ్చే పద్ధతి

ల్యాబ్ ఇచ్చిన కొత్త డబ్బాలోనే పట్టండి. కడిగిన పచ్చడి సీసా, మందు సీసా పనికిరావు. మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని అమలాపురం దాకా తీసుకెళ్తే కణాలు పగిలిపోతాయి, క్రిములు పెరిగిపోతాయి, రిపోర్టు తప్పొస్తుంది. ల్యాబ్ దగ్గరే మూత్రం పోసి గంట, రెండు గంటల్లో పరీక్ష అయ్యేలా చూసుకోండి. మైక్రోస్కోప్ కింద ఒక హై పవర్ ఫీల్డులో 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్రకణాలు ఉంటే రక్తం ఉన్నట్టే లెక్క. స్ట్రిప్ ఒక్కటి రంగు మారితే చాలదు, మైక్రోస్కోప్ లెక్క కావాలి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి ఇవ్వండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. ఆర్‌ఎంపీ దగ్గర అయిదు రోజుల మాత్రలు, అవి పనిచేయలేదని టౌన్లో ఇంకో రకం, ఆపైన ఇంజెక్షన్లు, ఇలా నెలలు గడుస్తాయి. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్లకి ఇన్‌ఫెక్షన్ రావడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కల్చర్‌లో క్రిమి పెరగలేదు, అయినా రక్తం ఉంది అంటే అది ఇన్‌ఫెక్షన్ కథ కాదు. క్రిమి పెరిగి మందు వాడినా, కోర్సు అయ్యాక మళ్లీ యూరిన్ చేయించి రక్తం పోయిందో లేదో చూడాలి. చీముకణాలు బోలెడు, కల్చర్ మాత్రం ఖాళీ అంటే మన దేశంలో టీబీ కూడా గుర్తుకు రావాలి. కిడ్నీ టీబీ సీటీలో అచ్చం కేన్సర్‌లా యురేటర్ గోడని మందంగా చూపిస్తుంది. మూత్రంలో సీబీనాట్ పరీక్ష అడగండి.

స్కానింగ్ మంచిదొచ్చిందంటే ఆగిపోకండి

మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్ కిడ్నీలో పెద్ద గడ్డని చూపిస్తుంది, రాయిని చూపిస్తుంది. యురేటర్ మధ్యభాగం పేగుల వెనకుంటుంది, అక్కడి చిన్న గడ్డ దానికి దొరకదు. రిపోర్టులో ఒక మాట కోసం వెతకండి: హైడ్రోనెఫ్రోసిస్, అంటే కిడ్నీలో మూత్రం నిలిచి ఉబ్బింది. దాని పక్కన రాయి కనబడితే సరే. రాయి లేకుండా ఉబ్బు మాత్రం ఉంటే, "బహుశా రాయి పడిపోయి ఉంటుంది" అన్న వాక్యంతో సరిపెట్టుకోకూడదు. పడిపోయిన రాయికి ఉబ్బు రోజుల్లో తగ్గాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సీటీ చేయించమంటే సీటీ కేయూబీ చేయించుకుని వస్తారు. అది డై (రక్తనాళంలోకి ఎక్కించే మందు) లేకుండా తీసేది, రాళ్ల కోసం. గడ్డ కోసం కావాల్సింది సీటీ యూరోగ్రామ్. చీటీ మీద ఆ మాట ఉందో లేదో సెంటర్‌కి వెళ్లకముందే చూసుకోండి. యూరోగ్రామ్‌లో మూడు విడతలుగా బొమ్మలు తీస్తారు. ముందు డై లేకుండా, డై ఎక్కించాక సుమారు నిమిషంన్నరకి కిడ్నీ కండ వెలిగేటప్పుడు, చివరగా పది పదిహేను నిమిషాల తర్వాత డై మూత్రంలోకి దిగి యురేటర్లు తెల్లగా నిండినప్పుడు. గడ్డ ఉంటే ఆ తెల్లటి గొట్టంలో నల్లటి ఖాళీగా కనబడుతుంది. రద్దీగా ఉన్న సెంటర్లలో ఈ చివరి విడత ఎగ్గొట్టేస్తే డబ్బు దండగ. "డిలేడ్ ఫేజ్ తీశారాండి?" అని టెక్నీషియన్‌ని అడగడంలో తప్పేం లేదు. ఫిల్ముతో సరిపెట్టకుండా సీడీ గానీ, పెన్‌డ్రైవ్ గానీ తీసుకోండి. పెద్దాసుపత్రిలో రేడియాలజిస్ట్ ఫిల్ము మీద కాకుండా కంప్యూటర్లో ఒక్కో పొరా తిప్పి చూస్తాడు.

డైకి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కావాలి. అంకె ఒక్కటే చూసి "నార్మలే" అనుకోవద్దు. డెబ్బై ఏళ్ల బక్కపల్చటి ఆవిడకి క్రియాటినిన్ 1.2 అంటే ల్యాబ్ కాగితం మీద కొంచెమే ఎక్కువ, లెక్క కడితే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడకట్టే శక్తి, 50కి దిగువే. ఈ లెక్క తర్వాత ఆపరేషన్‌కి, కీమోకి కూడా కీలకం. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతూ ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువున్నవాళ్లు ఆ మాత్ర ఆపాలి. డై పడనివాళ్లకీ, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకీ ఎమ్మారై యూరోగ్రామ్ ఉంది.

మూత్రంలో కణాల పరీక్ష

యూరిన్ సైటాలజీ చవకైన పరీక్ష. సరిగ్గా ఇస్తేనే పనికొస్తుంది. నిద్ర లేవగానే వచ్చే మూత్రం ఇవ్వకూడదు. రాత్రంతా మూత్రాశయంలో నానిన కణాలు చెడిపోయి ఉంటాయి. లేచాక ఒకసారి పోసి, నీళ్లు తాగి, కాస్త నడిచి, రెండోసారి వచ్చేది ఇవ్వాలి. వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇస్తే మేలు. హై గ్రేడ్ (దూకుడు ఎక్కువున్న) కేన్సర్ని ఇది బాగానే పడుతుంది, లో గ్రేడ్‌ని (దూకుడు తక్కువున్నదాన్ని) చాలాసార్లు వదిలేస్తుంది. అందుకని "నెగటివ్" అని రాగానే ఊపిరి పీల్చుకోకండి.

తర్వాతది సిస్టోస్కోపీ, మూత్రాశయంలోకి కెమెరా పంపి చూడడం. ఇది అందరికీ తప్పదు, ఎందుకంటే పైన గడ్డ ఉన్నవాళ్లలో నూటికి పదిహేను మందికి పైగా మూత్రాశయంలో కూడా అదే సమయంలో గడ్డ ఉంటుంది. సీటీలో అనుమానంగా ఉంటే యురేటరోస్కోపీ చేసి, కెమెరాతో చూసి, ముక్క తీస్తారు. ఈ ముక్క చిన్నది. గ్రేడ్ చెప్పగలదు గానీ గోడలో ఎంత లోతు దిగిందో చెప్పలేదు. ఇంకో జాగ్రత్త, రీనల్ పెల్విస్ గడ్డ అనుకున్నప్పుడు వీపు గుండా సూది పొడిచి బయాప్సీ తీయడం సాధారణంగా చేయరు. సూది దారి వెంట కణాలు రాలి అక్కడ మొలిచే ప్రమాదం ఉంది. కిడ్నీ కండలో గడ్డ అయితే, లేదా లింఫోమానో, వేరేచోటి నుంచి వచ్చిందో అనుకుంటే సూది బయాప్సీకి అర్థముంది. "ఇది కండలోదా, పెల్విస్‌లోదా?" అనేది యూరాలజిస్ట్, రేడియాలజిస్ట్ ముందు తేల్చాల్సిన ప్రశ్న.

ఆ ప్రశ్న తేలకుండా ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో చెప్పుకోవాలి. కిడ్నీ నడిమధ్య గడ్డని మామూలు కిడ్నీ కేన్సర్ అనుకుని కిడ్నీ ఒక్కటే తీస్తారు. యురేటర్ లోపలే ఉండిపోతుంది. పదిరోజులకి బయాప్సీలో యూరోథీలియల్ అని వస్తుంది. మిగిలిన యురేటర్లో మళ్లీ గడ్డ రావడానికి అవకాశం ఎక్కువ కాబట్టి రెండో ఆపరేషన్ దాకా వెళ్లాలి. యూటీయూసీకి చేయాల్సిన ఆపరేషన్ నెఫ్రోయురెటరెక్టమీ: కిడ్నీ, యురేటర్ మొత్తం, అది మూత్రాశయంలో కలిసే చోట చిన్న చుట్టుముక్కతో సహా. ఆ ముక్కని బ్లాడర్ కఫ్ అంటారు. "కఫ్ కూడా తీస్తున్నారా డాక్టర్ గారూ?" అని సంతకం పెట్టేముందు అడగండి. డిశ్చార్జి కాగితంలో కూడా ఆ మాట ఉందో లేదో చూడండి.

బయాప్సీ డబ్బా మీ చేతికి ఇస్తే

చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో తీసిన కిడ్నీని డబ్బాలో పెట్టి "ల్యాబ్‌లో ఇచ్చిరండి" అని ఇంట్లోవాళ్లకే ఇస్తారు. ఇచ్చినప్పుడు చూడాల్సినవి ఇవి. డబ్బాలో ఉన్నది ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) అయి ఉండాలి, సెలైనో నీళ్లో కాదు. అది ముక్క పరిమాణానికి పది రెట్లు ఉండాలి. ఇరుకు డబ్బాలో కుక్కి పైన నాలుగు చుక్కలు పోస్తే లోపల కుళ్లిపోతుంది. ఫార్మలిన్ గంటకి ఒక మిల్లీమీటరు చొప్పునే లోపలికి ఇంకుతుంది. కిడ్నీని కోయకుండా అలాగే వేస్తే నడిభాగానికి చేరేసరికి అక్కడ కణాలు చెడిపోతాయి. గడ్డ ఉండేదేమో అక్కడే. అందుకని సర్జనే గాటు పెట్టి ఇవ్వాలి, లేదా అదే రోజు ల్యాబ్‌కి చేరాలి. మీరు మాత్రం ఏమీ కోయకండి, మూత తీయకండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. మూత మీదే కాకుండా డబ్బా పక్కన కూడా పేరు, వయసు, ఎడమో కుడో, తీసిన తేదీ, వేళ రాయించండి. మూతలు మారిపోతుంటాయి. ఫార్మలిన్ కళ్లకి, ఊపిరికి మంచిది కాదు. రెండు కవర్లలో కట్టి, నిలబెట్టి తీసుకెళ్లండి. ఫారం మీద "రాయి ఆపరేషన్" అని రాసి పంపితే పాథాలజిస్ట్ చూపు వేరు, "మధ్యలో గడ్డ, యూటీయూసీ అనుమానం" అని రాస్తే చూపు వేరు. సీటీ రిపోర్టు జిరాక్సు ఫారానికి పిన్ చేయించండి.

ఎందుకూ పనికిరాని కిడ్నీ అని తీసేసిన దాన్ని కూడా బయాప్సీకి పంపాల్సిందే. ఏళ్ల తరబడి రాళ్లతో నలిగిన కిడ్నీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే అరుదైన రకం దాక్కుని ఉండొచ్చు. అది ముందుగా సీటీలో కనబడక ఆపరేషన్ తర్వాత బయటపడడం కొత్తేమీ కాదు.

రిపోర్టు వచ్చాక స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (ముక్కని పొదిగిన మైనపు దిమ్మలు) అడిగి తెచ్చుకునే హక్కు మీకుంది. రెండో అభిప్రాయానికి కాగితం చాలదు, బ్లాకులే కావాలి. అవి మైనం లాంటివి, మన వేసవిలో కారు డాష్‌బోర్డు మీద పెడితే కరిగిపోతాయి. చల్లటి చోట, ఎండ తగలని డబ్బాలో పెట్టండి.

రిపోర్టులోని పేర్లు

ఇవి చదివి భయపడడానికి కాదు, ఏ పరీక్ష అడగాలో తెలియడానికి. పాపిల్లరీ, క్రోమోఫోబ్ అన్నవి కిడ్నీ కేన్సర్లలో రెండు, మూడో స్థానాల్లో ఉండే రకాలు. క్రోమోఫోబ్ సాధారణంగా నెమ్మదిగా నడిచేది. యాంజియోమయోలైపోమా, ఆంకోసైటోమా కేన్సర్లు కావు. మొదటిదాన్ని సీటీలో కొవ్వు చూసే గుర్తుపడతారు, నాలుగు సెంటీమీటర్లు దాటితే రక్తస్రావం జరగొచ్చని కనిపెట్టి ఉంటారు.

కలెక్టింగ్ డక్ట్ కార్సినోమా చాలా అరుదు, నూటికి ఒకటి కూడా ఉండదు, దూకుడు ఎక్కువ. అది కిడ్నీలోకి దిగిన యూరోథీలియల్ కేన్సర్‌ని, మెడుల్లరీ కార్సినోమాని, ఎఫ్‌హెచ్ అనే ప్రోటీన్ లోపించిన కేన్సర్‌ని పోలి ఉంటుంది. రంగు వేసి కంటితో చూస్తే తేడా తెలియడం కష్టం. ఇమ్యూనో పరీక్షలు (కణాల్లో ఏ ప్రోటీన్ ఉందో రంగుతో చూసేవి) చేయాలి: గేటా3, పీ63 పాజిటివ్ అయితే యూరోథీలియల్ వైపు మొగ్గు, పాక్స్8 పాజిటివ్ అయితే కిడ్నీ వైపు. ఐఎన్‌ఐ1 పోయి ఉంటే మెడుల్లరీ. ఎఫ్‌హెచ్ పోయి ఉంటే ఆ వంశపారంపర్య రకం, చర్మం మీద నొప్పి పుట్టే బుడిపెలు, ఆడవాళ్లలో చిన్న వయసులోనే గర్భసంచిలో పెద్ద ఫైబ్రాయిడ్లు ఉన్న కుటుంబాల్లో కనబడుతుంది. పిల్లల్లో, యువకుల్లో కిడ్నీ గడ్డ అయితే టీఎఫ్‌ఈ3 కూడా చూడమనండి. రిపోర్టులో "పూర్లీ డిఫరెన్షియేటెడ్ కార్సినోమా" అని ముగించి ఈ పరీక్షలు చేయకపోతే, బ్లాకులు తీసుకుని పెద్ద కేన్సర్ ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పేరు మారితే మందు మారిపోతుంది.

మెడుల్లరీ కార్సినోమా గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఇది దాదాపుగా సికిల్ సెల్ లక్షణం (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువుని ఒక వైపు నుంచే మోయడం, ట్రెయిట్ అంటారు) ఉన్న యువతీయువకులకే వస్తుంది. డెల్టాకి ఎగువన రంపచోడవరం, చింతూరు ఏజెన్సీ గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. అక్కడి నుంచి రాజమండ్రి, కాకినాడ హాస్టళ్లలో చదివే పిల్లలు ఎంతోమంది. సికిల్ లక్షణం ఉన్నవాళ్లకి మూత్రంలో రక్తం రావడం ఎక్కువగా కేన్సర్ వల్ల కాదు, కిడ్నీ మొనలు దెబ్బతినడం వల్లే. అయినా ఒకసారి మంచి స్కాన్ చేసి గడ్డ లేదని చూడాలి, అంతే. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉంటే డాక్టర్‌కి చూపించడం మర్చిపోకూడదు.

అయిదేళ్ల లోపు బిడ్డకి స్నానం చేయించేటప్పుడు కడుపులో ఒకపక్క గట్టిగా తగిలితే అది వేరే జబ్బు కావచ్చు, విల్మ్స్ ట్యూమర్ అంటారు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నొక్కి చూడకూడదు, గడ్డ చిట్లితే దశ పెరుగుతుంది. పిల్లల కేన్సర్ విభాగానికి నేరుగా తీసుకెళ్లండి. వేళకి వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు బాగవుతారు.

వైద్యంలో వేళ ముఖ్యం

లో గ్రేడ్, చిన్నది, ఒక్కటే గడ్డ, సీటీలో గోడ దాటలేదు అంటే కిడ్నీని ఉంచి లేజర్‌తో కాల్చే దారి ఉంది. యురేటర్ కింది చివరలో ఉంటే ఆ ముక్క తీసి మిగిలినదాన్ని మూత్రాశయానికి కుట్టొచ్చు. ఒకే కిడ్నీ ఉన్నవాళ్లకి, కిడ్నీ నీరసపడ్డవాళ్లకి ఇది వరం. దానికి బదులుగా పదే పదే కెమెరా పరీక్షలకి తిరగాలి. తిరగలేనివాళ్లకి ఈ దారి మంచిది కాదని మా అభిప్రాయం, అది డాక్టర్‌తో దాచకుండా మాట్లాడాలి.

హై గ్రేడ్ అయితే నెఫ్రోయురెటరెక్టమీ. దీన్ని "దాళ్వా కోతలయ్యాక", "పెళ్లి అయ్యాక" అని తోయకండి. జబ్బు తేలాక మూడు నెలలు దాటితే ఫలితం దెబ్బతింటుంది. ఆపరేషన్ తర్వాత కేథటర్ తీసే ముందు మూత్రాశయంలో ఒక్క డోసు మైటోమైసిన్ లాంటి మందు పోస్తే అక్కడ మళ్లీ గడ్డ వచ్చే అవకాశం తగ్గుతుంది. కుట్టు సరిగ్గా మానలేదనుకుంటే పోయరు, కారి బయటికి వస్తే ప్రమాదం.

బయాప్సీలో కండపొర దాకా, అంతకు మించి, లేదా లింఫ్ గ్రంథుల్లో ఉందని వస్తే కీమో. పౌట్ అనే బ్రిటిష్ పరిశోధన 2020లో తేల్చింది, ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు మొదలుపెట్టి జెమ్‌సిటాబిన్‌తో పాటు ప్లాటినం మందు నాలుగు సైకిళ్లు ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని. చిక్కేమిటంటే సిస్‌ప్లాటిన్‌కి కిడ్నీ బాగుండాలి, జీఎఫ్ఆర్ 50-60 కంటే దిగితే ఇవ్వడం కష్టం. ఒక కిడ్నీ తీసేశాక చాలామంది ఆ గీత కిందికి వస్తారు. అందుకే ఆపరేషన్‌కి ముందే కీమో ఇవ్వడం గురించి మెడికల్ ఆంకాలజిస్ట్‌ని అడగాలి. కిడ్నీ తీసేశాక అడిగే ప్రశ్న కాదది. పైన చెప్పిన డెబ్బై ఏళ్ల ఆవిడ విషయంలో ఈ ముక్క మొదటి రోజే లెక్కలోకి రావాలి.

తర్వాత మూత్రాశయాన్ని మర్చిపోవద్దు. ఆపరేషన్ అయినవాళ్లలో పావువంతు నుంచి దాదాపు సగం మందికి అక్కడ గడ్డ వస్తుంది. హై రిస్క్ అయితే మూడో నెలలో సిస్టోస్కోపీ, సైటాలజీ, ఆపైన రెండేళ్లు మూడు నెలలకోసారి, అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా. సీటీ మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి. లంక ఊళ్లవాళ్లు జూలై, ఆగస్టు వరదల రోజులు చూసుకుని ఈ తేదీలు వరద రాకముందుకే జరుపుకోండి. డీజే స్టెంట్ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మూడు నెలల్లో మార్చాల్సిన స్టెంట్ వరదకి ఆగి, పనుల్లో మర్చిపోతే దాని చుట్టూ సున్నం పేరుకుపోతుంది. తర్వాత అది తీయడమే ఒక పెద్ద ఆపరేషన్.

మిగిలిన ఒక్క కిడ్నీ కోసం

డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, ఒళ్లునొప్పుల మాత్రలు మానేయాలి. నాట్లు వేసి వచ్చి నడుంనొప్పికి సూది వేయించుకునే అలవాటు ఉన్నవాళ్లు పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. ఆర్‌ఎంపీ గారికి "నాకు ఒకటే కిడ్నీ అండి" అని ముందే చెప్పండి.

లంక పొగాకు చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్ అయినా యూరోథీలియల్ కేన్సర్‌కి పెద్ద కారణం పొగే. పొగలోని విషం రక్తంలోంచి వడకట్టుకుని మూత్రంలో చేరి ఈ పొరని గంటల తరబడి తడుపుతుంది. గడ్డ తీయించుకున్నాక చుట్ట మానకపోతే తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

రెండో కారణం నాటుమందు, అన్నీ కావు. అరిస్టోలోకియా జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. పాముకాటుకి నూరిపోసే ఈశ్వరి వేరు, పిల్లలకి నులిపురుగులకని పోసే గాడిదగడపాకు రెండూ ఆ జాతివే. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఈ జాతి మొక్క కలిసి, వాడిన ఆడవాళ్ల కిడ్నీలు పాడై, తర్వాత చాలామందికి యురేటర్ కేన్సర్ వచ్చింది. బాల్కన్ దేశాల్లో గోధుమల్లో కలిసిన కలుపు గింజల ద్వారా, తైవాన్‌లో మూలికా వైద్యం ద్వారా ఇదే జరిగింది. ఆ విషం డీఎన్‌ఏకి అతుక్కుని దశాబ్దాలు ఉంటుంది. కొండపిండి ఆకులో ఈ విషం లేదు. అయితే రక్తం వస్తుంటే రాయి కరుగుతుందని నెలల తరబడి కొండపిండి పప్పు తింటూ కూర్చోవడం వల్ల నష్టం వేరే దారిలో జరుగుతుంది.

ఎక్కడికి, ఏ కాగితాలతో

మొదటి పరీక్షలు, సిస్టోస్కోపీ కాకినాడ జీజీహెచ్ లాంటి టీచింగ్ ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉన్నచోట చేయించుకోవచ్చు. పేరు తేలని గడ్డకి, కీమో నిర్ణయానికి విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఉన్నాయి. రాజమండ్రి, సామర్లకోట వైపు నుంచి రైల్లో అగనంపూడి వెళ్లేవాళ్లు విశాఖ దాకా పోనక్కర్లేదు, దువ్వాడలో దిగితే దగ్గర. కేన్సర్ రోగులకి వైద్యానికి వెళ్లే ప్రయాణంలో స్లీపర్, థర్డ్ ఏసీల్లో రైలు టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం రాయితీ. ఆసుపత్రిలో డాక్టర్ సంతకం, ముద్రతో రాయితీ ఫారం తీసుకోండి, అది లేకుండా కౌంటర్లో ఇవ్వరు.

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఉన్నవాళ్లు చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి ఏ ఆపరేషన్ పేరు మీద అనుమతి అడుగుతున్నారో చూడండి. ఉత్త నెఫ్రెక్టమీ అని ఉంటే, చేయాల్సింది నెఫ్రోయురెటరెక్టమీ అయితే, డాక్టర్‌తో ఆ రోజే సరిచేయించండి. ఫైల్లో పైన ఒకే కాగితం ఉండాలి: రక్తం కనబడ్డ తేదీలు, వాడిన యాంటీబయాటిక్‌లు, క్రియాటినిన్ అంకెలు తేదీలతో, వేసుకునే మందులు, పొగ ఎన్నేళ్లు, ఇంట్లో ఎవరికి ఏ కేన్సర్.

ఆ చివరి సంగతి మామూలుగా అడగరు, మీరే చెప్పాలి. యూటీయూసీ అరవై ఏళ్లలోపు వచ్చినా, అదే మనిషికి పెద్దపేగు, గర్భసంచి కేన్సర్ ఉన్నా, తల్లిదండ్రుల్లో తోబుట్టువుల్లో యాభై లోపు అవి వచ్చినా లించ్ సిండ్రోమ్ (కేన్సర్లు తెచ్చే వంశపారంపర్య జన్యుమార్పు) అనుకోవాలి. బ్లాక్ మీదే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్లకి రంగు పరీక్ష చేస్తారు. ఏదైనా పోయి ఉంటే రక్తంలో జన్యుపరీక్ష. లించ్ ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం. మేనరికం చేసుకున్న ఇళ్లలో తల్లికీ తండ్రికీ అదే జన్యుమార్పు ఉంటే, బిడ్డకి రెండు వైపుల నుంచీ వచ్చి చిన్నతనంలోనే కేన్సర్లు వచ్చే తీవ్రమైన రూపం ఏర్పడొచ్చు. కాబట్టి అక్క కూతురికో, మేనమామకో సంబంధం మాట్లాడేలోపే రిపోర్టు చూసి జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. మార్పు ఉన్నవాళ్లకి పెద్దపేగు కొలనోస్కోపీ పాతికేళ్ల ప్రాంతంలోనే మొదలుపెడతారు. ఆ తేదీ జన్యువుని బట్టి, ఇంట్లో అందరికన్నా చిన్న వయసులో ఎవరికి వచ్చిందన్నదాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు.